తొలినాటి గృహ కంప్యూటరు: జ్ఞాపకమూ, బాధ్యతా

"పాత ఒక రోత, కొత్త ఒక వింత" అని మన పెద్దల సామెత. కంప్యూటరు విషయంలో ఈ సామెత ఇటీవల తలక్రిందులైనది. ఒకనాడు అటకలపైకీ, అటకల మీదనుండి పాత సామాను బండ్లలోకీ చేరిన యంత్రాలను నేడు దేశదేశాలలో వెదకి తెచ్చుకొని, దుమ్ము దులిపి, పాడైన భాగాలు మార్చి, తిరిగి వెలిగించి ఆనందించేవారు బయలుదేరినారు. చిన్ననాడు తాము నొక్కిన మీటల చప్పుడు, క్యాసెట్టు రికార్డరు చేసిన కీచుధ్వని, నల్లని తెరపై మినుకుమినుకుమన్న చిన్న గడి వారికి మధుర స్మృతులు. పెద్దవారు బావిగట్టును, మామిడితోటను తలచుకొన్నట్లే వారు ఆ యంత్రాలను తలచుకొంటున్నారు.

ఈ తలపోత కేవలం వినోదమా? లేక విద్యార్థిలోకం గ్రహించదగినది ఏమైనా ఇందులో ఉన్నదా? ఒకవైపు వీరభద్రస్వామి క్షేత్రం, మరొకవైపు ఔషధ కర్మాగారాల వరుసలు గల బొంతపల్లిలో ఈ ప్రశ్నను విచారించుట అప్రస్తుతం కాదని మేము భావిస్తున్నాము. యంత్రాన్ని నడపుట వేరు, యంత్రాన్ని ఎరుగుట వేరు. ఈ భేదమే మన ప్రాంతంలో మనుష్యుల జీతాన్నీ, గౌరవాన్నీ నిర్ణయిస్తున్నది. తొలినాటి గృహ కంప్యూటరు ఈ రెంటి నడుమ గల గోడను కొంతకాలం పాటు తొలగించినది. దానిని స్మరించుటకు ఇంతకన్న మంచి కారణం మాకు కనబడదు.

ముందుగా ఆ యంత్రాల చరిత్రను సంగ్రహంగా చెప్పుకొందాం. 1975 జనవరిలో అమెరికాలో ఆల్టెయిర్ 8800 అనే యంత్రాన్ని గురించి ఒక ఎలక్ట్రానిక్సు పత్రిక ముఖచిత్రంతో ప్రకటించినది. అది కొన్నవాడే ఇంట కూర్చొని విడిభాగాలను సోల్డరింగు చేసుకొనవలసిన పెట్టె. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. ముందుభాగాన మీటలు, దీపాలు మాత్రమే. 1977లో యాపిల్ 2, కమొడోర్ పెట్, టి.ఆర్.ఎస్.-80 అనే మూడు యంత్రాలు సిద్ధరూపంలో అంగళ్లకు వచ్చినవి. 1980లో బ్రిటనులో సింక్లెయిర్ సంస్థ నూరు పౌండ్లకు లోబడిన ధరకు జెడ్.ఎక్స్.80ని, మరుసటి ఏట జెడ్.ఎక్స్.81ని, 1982లో స్పెక్ట్రమ్‌ను వెలువరించినది. 1981 చివర బి.బి.సి. మైక్రో, 1982లో కమొడోర్ 64 వచ్చినవి.

వీటి శక్తి ఎంతటిది? జెడ్.ఎక్స్.81లో ఉన్న మెమరీ ఒకే ఒక కిలోబైటు, అనగా 1024 బైట్లు. నేటి యూనికోడ్ పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతాన్ని నిలువ చేయుటకు సాధారణంగా మూడు బైట్లు కావలెను. ఆ లెక్కన ఆ యంత్రంలో సుమారు 340 సంకేతాలు పట్టును. పాఠకులు ఇప్పుడు చదువుతున్న ఈ ఒక్క పేరా కూడా దానిలో ఇమడదు! ఇంత స్వల్పమైన చోటులో ఆనాటి పిల్లలు ఆటలు వ్రాసినారు, లెక్కలు చేసినారు. ఇంటి టెలివిజనే తెర, పాటలు వినే టేప్‌రికార్డరే బీరువా. స్పెక్ట్రమ్‌లో పెద్ద ఆట ఒకటి ఎక్కవలెనన్న నాలుగైదు నిమిషాలు క్యాసెట్టు తిరగవలెను. ఆ వ్యవధిలో ఇంట్లో ఎవరైనా తీగను కదిపినచో మొదటినుండి మళ్లీ ప్రారంభించవలసినదే.

అయినను ఆ యంత్రానికి ఒక గుణం ఉండెను. మీట వేయగానే, రెండు క్షణాలలో, అది ఒక ఖాళీ తెరను చూపి ఊరకుండును. బొమ్మలు లేవు, ప్రకటనలు లేవు, "ఇది కొనుము, అది చూడుము" అనే ప్రలోభం లేదు. యజమాని ఏదైనా వ్రాసిననే అది ఏదైనా చేయును. బేసిక్ అనే సులభమైన భాష దానిలోనే ఇమిడి ఉండెను. రెండు పంక్తులు వ్రాసి తన పేరును తెరనిండా నింపిన బాలుడు ఆ క్షణాననే యంత్రానికి ఆజ్ఞాపించగలవాడైనాడు.

లోపలి భాగాల సంగతి ఇంతకన్న ముఖ్యం. యాపిల్ 2తో పాటు ఇచ్చిన తొలి పుస్తకంలో ఆ యంత్రపు విద్యుత్పథ చిత్రం అచ్చువేసి ఉండెను. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి.కి కూడా పూర్తి చిత్రాలతో కూడిన సాంకేతిక గ్రంథం లభించెను. మూత తీసినచో చిప్పులు కంటికి కనబడును. వాటిలో అనేకం సాకెట్టులలో కూర్చుండును. చెడిన దానిని పెరికి మంచి దానిని గ్రుచ్చవచ్చును. యాపిల్ 2కూ, బి.బి.సి. మైక్రోకూ గుండెకాయ అయిన 6502 అనే చిప్పులో ఉన్నవి సుమారు 3,500 ట్రాన్సిస్టర్లు. ఒక మనిషి పట్టుదలతో కొన్ని నెలలు చదివినచో వాటి పనినంతటినీ మనసులో నిలుపుకొనవచ్చును. నేడు మన చొక్కాజేబులో ఉన్న ఖరీదైన ఫోనులోని చిప్పులో వెయ్యి కోట్లకు పైగా ట్రాన్సిస్టర్లు ఉండవచ్చును. దానిని సంపూర్ణంగా ఎరిగిన మనిషి లోకంలో ఒక్కడైనా లేడు. ఇది నేటి ఇంజనీర్ల లోపమని మేము అనుట లేదు. ఎదుగుదలకు మనం చెల్లించిన మూల్యమని మాత్రమే మా భావం.

ఇక మన దేశపు సంగతి. కంప్యూటరు మనకు పరదేశి వస్తువేమీ కాదు. 1967లో హైదరాబాదులో నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్. సంస్థ పేరిట 1969లోనే టి.డి.సి.-12 అనే కంప్యూటరు వెలువడినది. ట్రాంబేలోని అణుశాస్త్రజ్ఞులు రూపొందించిన యంత్రమగుటచే దాని పేరులోని మొదటి అక్షరం ట్రాంబేను సూచించును. అదే ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసిన టెలివిజన్లు ఒక తరం తెలుగు ఇండ్లలో వెలిగినవి. తెరను తయారుచేసిన ఊరు, కంప్యూటరును తయారుచేసిన ఊరు ఒకటే అయినను, ఆ రెండూ కలిసి సామాన్యుని ఇంట గృహ కంప్యూటరుగా రూపొందలేదు. దిగుమతి సుంకాలు, విదేశీ మారకద్రవ్యపు కొరత, గుమాస్తా జీతానికి అందని ధరలు అందుకు అడ్డుపడినవి. 1980వ దశకపు చివరి భాగంలో పుణేలోని డెసిబెల్స్ సంస్థ స్పెక్ట్రమ్‌ను ఇక్కడనే కూర్చి అమ్మినను, అది కొద్ది ఇండ్లకే చేరినది.

కావున, పాశ్చాత్యులు తమ పడకగదిలోని కంప్యూటరును తలచుకొన్నట్లు మనమూ తలచుకొనబోయినచో అది అరువు తెచ్చుకొన్న జ్ఞాపకమగును. మన జ్ఞాపకాలు వేరు. 1984లో కేంద్రప్రభుత్వం "క్లాస్" అనే పథకాన్ని ప్రారంభించి, మొదటి విడతగా దేశంలోని సుమారు 250 పాఠశాలలకు బి.బి.సి. మైక్రోలను పంపినది. ఒక యంత్రం చుట్టూ పదిమంది పిల్లలు; గది వెలుపల విడిచిన చెప్పుల వరుస; యంత్రానికి దుమ్ము సోకకుండ కప్పిన గుడ్డ; వారానికి ఒకసారి, అదీ తన వంతు వచ్చిననే, మీటలను తాకే భాగ్యం. ఇది అందరికీ దక్కినది కాదు. లక్షలాది బడులున్న దేశంలో 250 ఏపాటి? ఉర్దూ మాధ్యమపు బడులలోనూ, పల్లెలలోని తెలుగు బడులలోనూ చదివినవారిలో అత్యధికులకు కంప్యూటరు అనునది పాఠ్యపుస్తకంలోని బొమ్మగానే మిగిలినది.

మన మధ్యతరగతి ఇండ్లకు కంప్యూటరు నిజంగా వచ్చినది 1990వ దశకంలో. అది కూడా కంపెనీ పేరు గల పెట్టెగా కాదు, "అసెంబుల్డు" పెట్టెగా! సికిందరాబాదు పార్కులేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు మెట్లెక్కి, ఒక దుకాణంలో మదర్‌బోర్డు, మరొక దుకాణంలో ర్యాము, ఇంకొక దుకాణంలో హార్డుడిస్కు బేరమాడి, అన్నిటినీ ఒకచోట కూర్పించి, ఆటోలో ఒడిలో పెట్టుకొని తెచ్చుకొన్న కంప్యూటరే మన గృహ కంప్యూటరు. తీగలు, రెసిస్టర్లు, సోల్డరింగు సరంజామా కావలసినవారికి కోఠీలోని గుజరాతీ గల్లీ ఉండనే ఉన్నది. ఆ పెట్టెకు మరలు నాలుగు ఉండవలసినచోట రెండే ఉండును. మూత ఒక ప్రక్క ఎప్పుడూ తెరచియే ఉండును. ఎండాకాలం వచ్చినచో దాని ముందు టేబుల్ ఫ్యాను తిరుగుచుండును. తెర వెలగనప్పుడు ర్యామును తీసి, దాని బంగారురంగు అంచును పెన్సిలు తుడిచే రబ్బరుతో రుద్ది తిరిగి పెట్టినచో వెలుగునని వీధికొక కుర్రవానికి తెలియును. ఆ విద్య ఏ పట్టా ఇచ్చినది కాదు. అయినను ఆ విద్యతోనే ఎందరో యువకులు చిన్న మరమ్మతు దుకాణాలు తెరచి కుటుంబాలను పోషించినారు.

పాతకాలపు గొప్పను ఇంతగా చెప్పిన తరువాత దాని కొరతను కూడ చెప్పుట ధర్మం. దూరపు కొండలు నునుపు గదా! ఆ తొలి యంత్రాలకు మన భాషలు రావు. వాటిలో పెక్కింటిలో ఒక్కొక్క అక్షరానికి కేటాయించిన చోటు నిలువున ఎనిమిది చుక్కలు, అడ్డముగా ఎనిమిది చుక్కలు. ఆంగ్ల వర్ణాలు ఆ గడిలో హాయిగా కూర్చుండును. మన "స్త్రీ" అనే అక్షరాన్ని, దాని గుడిదీర్ఘంతో, క్రింది వత్తులతో ఆ ఎనిమిది చుక్కలలో ఇమిడ్చి చూడుడు! ఉర్దూ నస్తాలీక్ లిపి సంగతి మరింత కష్టం. అది పంక్తిపై నిటారుగా నిలువదు, ఏటవాలుగా జారును, పక్క అక్షరాన్ని బట్టి రూపు మార్చుకొనును. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ నూరీ నస్తాలీక్‌ను రూపొందించినప్పుడు వేలకొలది జంట రూపాలను చేతితో వ్రాయవలసి వచ్చినది. ఒక కిలోబైటు పెట్టెలో వాటికి తావెక్కడిది? ఆ రోజులలో ఇట్టి ద్విభాషా సంచికలలో తెలుగు పుటలు సీసపు అచ్చులతోను, ఉర్దూ పుటలు కాతిబు చేతివ్రాతతోను వెలువడుచుండెడివి. కంప్యూటరు ఆ రెంటికీ దూరపు బంధువైనను కాలేదు.

అయితే ఒక విశేషాన్ని గమనించవలెను. మన లిపులు కంప్యూటరులో ప్రవేశించుటకు తోడ్పడినది కూడ యంత్రం తెరచియుండుట అనే గుణమే. కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలై, పుణేలోని సీ-డాక్ సంస్థ ద్వారా ప్రచారంలోకి వచ్చిన "జిస్ట్" కార్డును పి.సి. లోపలి ఖాళీ గాడిలో గ్రుచ్చగా ఆ యంత్రం తెలుగు వ్రాసినది. గాడి లేనిచో కార్డు లేదు. కార్డు లేనిచో ఆనాడు తెరపై తెలుగు లేదు. 1991లో భారతీయ లిపుల సంకేత ప్రమాణమూ, అదే ఏట యూనికోడ్ తొలి కూర్పూ వెలువడినవి. 1994లో ఇన్‌పేజ్ వచ్చి ఉర్దూ పత్రికల రూపురేఖలను మార్చినది. ఆ మార్పులో కాతిబులు పెక్కుమంది జీవనోపాధి కోల్పోయినారన్న మాటను కూడ ఇచ్చట విస్మరించరాదు.

"ఇప్పుడు ఫోనులోనే సమస్తం ఉన్నది గదా, పాత డబ్బాలతో మనకేమి పని?" అని ప్రశ్నించేవారు ఉన్నారు. ఆ ప్రశ్న సమంజసమైనదే. పేద విద్యార్థికి ఫోను చేసిన మేలు ఏ గృహ కంప్యూటరూ చేయలేదు. తెలుగులోను, ఉర్దూలోను అది మాటాడును, వ్రాయును, పాఠాలు వినిపించును. పాత యంత్రాలను ఫోను తెరపైనే అనుకరించి చూపే ప్రోగ్రాములు కూడ ఉన్నవి. దీనిని మేము కాదనము. కాని అనుకరణలో చేతికి వేడి తగలదు, సాకెట్టు బిగువు తెలియదు, సోల్డరింగు పొగ వాసన రాదు. అంతకన్న ముఖ్యంగా, జిగురుతో అతికించిన ఫోను మూత "నన్ను వాడుము, తెరువకుము" అని నేర్పుచున్నది. చిన్ననాటినుండి ఈ పాఠం విన్న మనసు తక్కిన యంత్రాల ముందు కూడ చేతులు కట్టుకొని నిలుచును.

మన ప్రాంతంలో ఈ అలవాటు వలన కలిగే నష్టం స్పష్టం. బొంతపల్లి, గడ్డపోతారం, పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడలలో రియాక్టర్లను, డ్రయర్లను, బాయిలర్లను నేడు నియంత్రించునవి పి.ఎల్.సి. పెట్టెలు. ఇవి ఆ తొలి కంప్యూటర్లకు దగ్గరి చుట్టాలే. మన యువకులు షిఫ్టులలో వాటి ముందు నిలుచుచున్నారు. ఎర్రదీపం వెలిగినప్పుడు ఏ మీట నొక్కవలెనో వారికి నేర్పినారు. ఆ దీపం ఎందుకు వెలిగినదో తెలిసినవాడు నగరంనుండి కారులో వచ్చును. ఇద్దరి జీతాలకు గల అంతరాన్ని గురించి మేము వేరుగా చెప్పనక్కరలేదు. రసాయన కర్మాగారంలో ఇది జీతానికే కాక ప్రాణానికి కూడ సంబంధించిన విషయం. పాలిటెక్నికులలో 8085 చిప్పు గల శిక్షణ పెట్టెలపై నేర్చిన విద్యార్థికి, అంకెల మీటలతో ఒక్కొక్క ఆజ్ఞనూ ఎక్కించి, యంత్రం దానిని ఎట్లు అనుసరించునో చూచినవానికి, ఈ ఎరుక కొంతైనా అబ్బును. 8085 అనునది 1976 నాటిది. అది పాతదని నవ్వేవారు, దానికన్న సులభంగా మూలసూత్రాన్ని చూపే కొత్త యంత్రాన్ని చూపించవలెను.

విదేశాలలోని విజ్ఞులు ఈ లోపాన్ని ముందే గుర్తించినారు. కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్ మొదలగువారు, కంప్యూటరు శాస్త్రం చదువవచ్చే విద్యార్థులలో ప్రోగ్రాము వ్రాసే అనుభవం సన్నగిల్లుచున్నదని గమనించి, 2012లో రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటరును ముప్పదియైదు డాలర్లకు వెలువరించినారు. దాని నమూనాలకు "ఎ", "బి" అని పేర్లు పెట్టుటలో బి.బి.సి. మైక్రోను స్మరించినారు. వారి జ్ఞాపకం కొత్త పనిముట్టుగా మారినది. స్మృతికి ఇంతకన్న మంచి సద్వినియోగం ఉండదని మా విశ్వాసం.

మనం మన పాత యంత్రాలను ఏమి చేయుచున్నాము? కార్యాలయాలలోను, విద్యాసంస్థలలోను స్టాకు రిజిస్టరులో "కండెమ్" అని వ్రాసి, తూకానికి కబాడీవానికి ఇచ్చుచున్నాము. అక్కడ రాగికొరకు తీగలను కాల్చుదురు. బంగారు పూతకొరకు బోర్డులను ఆమ్లంలో ముంచుదురు. పాత తెరల గాజులో సీసం, సోల్డరింగులో సీసం, కొన్ని బ్యాటరీలలో కాడ్మియం. కాలుష్యం అనే మాట అర్థాన్ని మన ప్రాంతానికి ఎవరూ బోధింపనక్కరలేదు. నక్కవాగు నీటి కథ 1990లో సుప్రీంకోర్టు దాక వెళ్లినది. ఆ వాగు కలియునది మంజీరలో. కర్మాగారాలను నిందించు నోటితోనే మన పాత కంప్యూటర్లను కాల్చుటకు అప్పగించుట న్యాయమా? ఇట్టి వ్యర్థాలను నిర్వహించుటకు 2011లో రూపొంది 2012 మే నుండి అమలైన నియమావళి ఒకనాడు ఉండెను; 2023 ఏప్రిల్ నుండి అమలైన కొత్త నియమావళి నేడు మన దేశంలో ఉన్నది. నమోదైన సంస్థలకే వాటిని అప్పగించవలెనని వాటి సారాంశం. కబాడీవాడు మన శత్రువు కాడు. అతడూ పొట్టకూటికొరకే ఆ పొగను పీల్చుచున్నాడు. అతని ఊపిరిని కాపాడుట కూడ చదువుకొన్నవారి బాధ్యతయే.

కావున విద్యాసంస్థల నిర్వాహకులకు, సహవిద్యార్థులకు మా మనవి మూడు మాటలు. మొదటిది: కండెమ్ చేయుటకు ముందు ప్రతి తరానికి ఒక్కొక్క యంత్రాన్ని వేరుచేయుడు. ఫ్లాపీ గల పి.సి. ఒకటి, గాజుతెర ఒకటి, డాట్‌మ్యాట్రిక్సు ప్రింటరు ఒకటి, శిక్షణ పెట్టె ఒకటి చాలును. వాటిని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయకుడు. మూత తీసి బల్లపై ఉంచుడు. గాజుతెర, విద్యుత్తు పెట్టె మాత్రం ప్లగ్గు తీసిన తరువాత కూడ ప్రమాదకరమైన విద్యుత్తును నిలుపుకొనును గనుక, తెలిసినవారి సమక్షంలోనే వాటిని ముట్టవలెను. రెండవది: ఆ బల్లవద్ద వారానికి ఒక సాయంత్రం, వీధిలో మరమ్మతు దుకాణం నడిపిన ఒక పాత మెకానిక్కును గౌరవంగా పిలిచి కూర్చుండబెట్టుడు. అతనికి పట్టా లేకపోవచ్చును. అతని వ్రేళ్లలో ఉన్న విద్య అతనితోనే అంతరించకూడదు. ఒక్కొక్క భాగం పేరును, పనిని తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి అంటించు పనిని విద్యార్థులు చేపట్టవలెను. ఆ యంత్రాలు మన లిపులను ఎరుగక పోయినవి. మనమైనా వాటిని మన లిపులలో వ్రాసుకొందము. మూడవది: మిగిలిన యంత్రాలను, ధర నాలుగు రూపాయలు తగ్గినను సరే, నమోదైన సంస్థలకే అప్పగించుడు.

ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. ఒక గది మూల, ఒక బల్ల, రెండు స్క్రూడ్రైవర్లు, ఒక మల్టీమీటరు, ఓపిక గల మనుష్యులు కావలెను. మరుసటి సంచిక వెలువడునాటికి మన విద్యార్థులలో పదిమందియైనను ఒక యంత్రాన్ని విప్పి, దాని భాగాలను పేరుపేరునా గుర్తించి, తిరిగి బిగించి వెలిగించగలిగినచో మేము వ్రాసిన ఈ నాలుగు మాటలు ఫలించినట్లే.